హానికర సాఫ్ట్‌వేర్: స్వరూపం, వ్యాప్తి, నివారణ

యజమానికి తెలియకుండా కంప్యూటరులో ప్రవేశించి, అందలి సమాచారాన్ని పాడుచేయడానికో, దొంగిలించడానికో, బంధించి సొమ్ము గుంజడానికో వ్రాసిన ప్రోగ్రామును మాల్‌వేర్ అంటారు. వాడుకలో అందరూ దీనిని వైరస్ అనే పిలుస్తారు గాని, వైరస్ ఇందులో ఒక రకం మాత్రమే. హోసూరు సిప్‌కాట్ పరిసరాల చిన్న పరిశ్రమల లెక్కలు, కృష్ణగిరి మామిడి గుజ్జు కర్మాగారాల కొనుగోలు పట్టికలు, పాఠశాలల మార్కుల జాబితాలు నేడు కంప్యూటర్లలోనే ఉన్నాయి. కాగితపు దస్త్రాలను చెదల నుండి కాపాడినట్లే వీటినీ కాపాడుకోవలసి ఉన్నది.

రకాలు

వైరస్: ఇది తానుగా నిలువలేదు. మరొక ఫైలునో, డిస్కులోని ప్రారంభ భాగాన్నో ఆశ్రయించి, అది తెరచినప్పుడు మేల్కొని ఇతర ఫైళ్లకు పాకుతుంది. ఐ.బి.ఎం. తరహా పర్సనల్ కంప్యూటర్లకు సోకిన తొలి వైరస్ ‘బ్రెయిన్’. దానిని 1986లో లాహోరుకు చెందిన ఇద్దరు సోదరులు వ్రాశారు. అది ఫ్లాపీల ద్వారా దేశదేశాలకు చేరింది.

వార్మ్ (పురుగు): దీనికి ఆశ్రయం అక్కరలేదు. నెట్‌వర్కు వెంట తానే ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి పోతుంది. 1988 నవంబరు 2న అమెరికాలో విడుదలైన ‘మోరిస్ వార్మ్’ నాటి ఇంటర్నెట్‌లోని వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసింది. 2000 మే నెలలో ఫిలిప్పీన్స్ నుండి ప్రేమలేఖ వేషంలో ఈ-మెయిళ్ల ద్వారా వ్యాపించిన ‘ఐ లవ్ యూ’ కూడా ఈ జాతిదే.

ట్రోజన్: ఉపయోగపడే ప్రోగ్రాముగా నటించి, యజమాని చేతనే తలుపు తీయించుకొంటుంది. గ్రీకు పురాణంలోని కొయ్యగుర్రం వలన దీనికి ఈ పేరు వచ్చింది.

స్పైవేర్: మనం టైపు చేసే పాస్‌వర్డులను, ఖాతా వివరాలను గమనించి ఇతరులకు చేరవేస్తుంది.

రాన్సమ్‌వేర్: ఫైళ్లను రహస్య సంకేతాలలోకి మార్చి, తాళం చెవి కావాలంటే సొమ్ము చెల్లించమంటుంది. నేడు కార్యాలయాలకు అత్యంత నష్టం కలిగిస్తున్న రకాలలో ఇది ముఖ్యమైనది.

పొరుగు జిల్లా నేర్పిన పాఠం

2017 మే 12న ‘వాన్నాక్రై’ అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా విరుచుకుపడి, దాదాపు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టుకొన్నది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు రోగులను వెనుకకు పంపవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లకు ఇది సోకినట్లు వెల్లడైంది. సోకిన జిల్లాలలో కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళంతో పాటు కృష్ణగిరి జిల్లాను ఆనుకొని ఉన్న చిత్తూరు కూడా ఉన్నది. కొద్ది రోజులకే తిరుమల తిరుపతి దేవస్థానంలో కార్యాలయ పనులకు వాడే కొన్ని కంప్యూటర్లకూ ఇది సోకింది.

సోకిన కంప్యూటరు తెరపై 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ చెల్లించమని హెచ్చరిక కనిపించేది. మూడు రోజులు దాటితే మొత్తం రెట్టింపు అవుతుందని, ఏడు రోజులు దాటితే ఫైళ్లు దక్కవని అందులో బెదిరింపు. ఆ హెచ్చరికను 28 భాషలలో వ్రాశారు. వాటిలో తెలుగు గాని, తమిళం గాని, కన్నడం గాని లేవు. ఆ 28 భాషలలో ఏదీ రాని గుమాస్తాకు సొమ్ము ఎందుకు అడుగుతున్నారో కూడా అర్థం కాని స్థితి అది.

ఇందులో ముఖ్యంగా గమనించవలసినది ఒకటి ఉన్నది. వాన్నాక్రై వ్యాప్తికి ఎవరూ ఏ ఫైలునూ తెరవనక్కరలేదు. విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకొనే పద్ధతిలోని ఒక లోపం గుండా అది లోనికి ప్రవేశించి, అదే నెట్‌వర్కులోని ఇతర యంత్రాలను వెదకుతూ పోయింది. ఆ లోపాన్ని సరిచేసే సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ 2017 మార్చి 14నే విడుదల చేసింది. అనగా దాడికి 59 రోజుల ముందే మందు సిద్ధంగా ఉన్నది. సోకిన వాటిలో అత్యధికం ఆ సవరణ వేసుకోని విండోస్ 7 కంప్యూటర్లే. మందు లేక కాదు, వేసుకోక నష్టపోయిన ఉదంతమిది.

మన ప్రాంతంలో వ్యాపించే మార్గాలు

పెన్‌డ్రైవ్: జిరాక్స్ దుకాణాలు, డి.టి.పి. కేంద్రాలు, బ్రౌజింగ్ సెంటర్లలో ఒకే కంప్యూటరుకు రోజంతా పదుల సంఖ్యలో పెన్‌డ్రైవ్‌లు తగిలిస్తారు. ‘షార్ట్‌కట్ వైరస్’గా పేరుపడినది ఈ దారినే వస్తుంది. ఇది అసలు ఫోల్డర్లను దాచి, అదే పేరుతో షార్ట్‌కట్‌లను ఉంచుతుంది. దానిని నొక్కగానే ముందు వైరస్ నడచి, తరువాత ఫోల్డరు తెరచుకొంటుంది. కనుక నొక్కినవారికి అనుమానం రాదు.

వాట్సాప్: పెళ్లి శుభలేఖ, వాహన చలాను, బ్యాంకు వివరాల నవీకరణ, రైతులకు సర్కారు సహాయం అనే పేర్లతో ‘ఏ.పి.కె.’ ఫైళ్లు వస్తున్నాయి. శుభలేఖ బొమ్మగానో, పి.డి.ఎఫ్.గానో, వీడియోగానో వస్తుంది గాని ఏ.పి.కె.గా రాదు. ఏ.పి.కె. అనగా ఫోనులో స్థాపించవలసిన ప్రోగ్రాము. దానిని స్థాపించి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చినచో అది ఎస్.ఎం.ఎస్.లను చదివి, బ్యాంకు పంపే ఓ.టి.పి.లను దొంగలకు అందిస్తుంది. బంధువు నంబరు నుండి వచ్చినంత మాత్రాన నమ్మరాదు. ఆ బంధువు ఫోనుకే ముందు సోకి ఉండవచ్చును.

దొంగ ప్రతులు: డబ్బు కట్టి కొనవలసిన సాఫ్ట్‌వేరును ఉచితంగా తెరిపించే ‘క్రాక్’ ఫైళ్లలో ట్రోజన్లు దాగి ఉండడం పరిపాటి. పైగా అవి యాంటీవైరస్‌ను ఆపివేయమని ముందుగానే చెబుతాయి. కాపలా కుక్కను కట్టివేయమని అడిగే అతిథిని ఎవరు లోనికి రానిస్తారు?

సోకినట్లు గుర్తించడం

కంప్యూటరు అకారణంగా మందగించడం, ఫైళ్ల పేర్ల చివర తెలియని అక్షరాలు చేరడం, యాంటీవైరస్ తనంతట తాను నిలిచిపోవడం, మనం పంపని సందేశాలు మన పేర ఇతరులకు చేరడం ముఖ్య లక్షణాలు. అయితే స్పైవేర్ ఏ లక్షణమూ చూపక నెలల తరబడి ఉండగలదు.

నివారణ

1. ఆపరేటింగ్ సిస్టమ్ సవరణలను వాయిదా వేయరాదు. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అదనపు భద్రతా సవరణల పథకంలో చేరని పాత కంప్యూటర్లను ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచడం మేలు.

2. విండోస్ 10, 11లలో ‘డిఫెండర్’ అనే యాంటీవైరస్ ఉచితంగానే ఉన్నది. దానినో, మరొక నమ్మకమైన దానినో ఎప్పుడూ నడుస్తూ ఉంచవలెను.

3. ముఖ్యమైన ఫైళ్లకు మూడు ప్రతులు, రెండు వేర్వేరు సాధనాలలో ఉండవలెను. వాటిలో ఒకటి మరొక చోట ఉండవలెను. ప్రతి తీసిన హార్డ్‌డిస్కును కంప్యూటరుకు తగిలించియే ఉంచినచో రాన్సమ్‌వేర్ దానినీ బంధిస్తుంది. పని ముగియగానే ఊడదీయవలెను.

4. పెన్‌డ్రైవును ముందు స్కాన్ చేసి, ఆ తరువాతనే తెరవవలెను.

5. ఫోనులో ప్లే స్టోరు బయటి నుండి ప్రోగ్రాములు స్థాపించే అనుమతిని నిలిపివేయవలెను.

6. నిత్యపు పనికి అడ్మినిస్ట్రేటరు ఖాతాను గాక, పరిమిత అధికారాలు గల ఖాతాను వాడవలెను.

సోకిన తరువాత

మొదట నెట్‌వర్కు తీగను ఊడదీసి, వై-ఫై ఆపివేయవలెను. ఫోను అయినచో ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టవలెను. బ్యాంకు పాస్‌వర్డులను వేరొక శుభ్రమైన సాధనం నుండి మార్చవలెను. సొమ్ము పోయినచో ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపితే ఆ సొమ్మును దారిలో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చును.

రాన్సమ్‌వేర్‌కు సొమ్ము చెల్లించినంత మాత్రాన ఫైళ్లు తిరిగి వస్తాయన్న హామీ లేదు. 2016లో ఐరోపా పోలీసు సంస్థలు, భద్రతా కంపెనీలు కలిసి ప్రారంభించిన ‘నో మోర్ రాన్సమ్’ వెబ్‌సైటులో కొన్ని రకాలకు తాళం చెవులు ఉచితంగా లభిస్తాయి. భారత ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం శుద్ధి చేసే సాధనాలను ఉచితంగా అందిస్తున్నది. ఇతరుల కంప్యూటరులో వైరస్ ప్రవేశపెట్టడం సమాచార సాంకేతిక చట్టం, 2000 ప్రకారం నేరం. దీనికి మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును.

ఇల్లు కాలుతుండగా బావి త్రవ్వినందువలన ప్రయోజనం లేదు. వారానికి ఒకనాడు సవరణలు వేసి, ఒక ప్రతి తీసి, ఆ డిస్కును బీరువాలో పెట్టుటకు అరగంట చాలును. పదేళ్ల లెక్కలనైనా, ఒక తరగతి పిల్లల మార్కులనైనా నిలబెట్టేది ఆ అరగంటయే.