గుండెలో ఇనుము జాడ

తలసేమియా అనే పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి ఉన్న పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించక తప్పదు. ఒక్కో యూనిట్‌తో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరుతుంది. రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి అది బయటికి పోదు. మిగిలిందంతా కాలేయంలో, గ్రంథుల్లో, గుండెలో పేరుకుపోతుంది. ఇనుమును తోడేసే డెస్ఫెరాల్ మందు 1960ల నుంచే ఉంది. రాత్రంతా పొట్ట చర్మం కింద సూది, పక్కన చిన్న పంపు. ఆ బాధ పడినవాళ్లలో కూడా ఎందరో నిండు యవ్వనంలో గుండె దెబ్బతిని చనిపోయారు.

గుండెలో ఎంత ఇనుముందో నేరుగా చూసే దారి లేకపోవడమే అసలు చిక్కు. రక్తపరీక్షలో, ఇనుమును నిల్వచేసే ఫెర్రిటిన్ అనే ప్రొటీన్ ఎంతుందో చూసేవారు. కానీ జ్వరం వచ్చినా, కాలేయం వాచినా అది పెరుగుతుంది. ఇంకా కచ్చితంగా తెలియాలంటే కాలేయంలోకి సూది దింపి చిన్న ముక్క తీసేవారు. కాలేయం తేటగా ఉంటే గుండెకూ భయం లేదనుకునేవారు. ఎకో పరీక్షలో గుండె బలహీనత బయటపడేసరికి చాలామందికి చెయ్యి దాటిపోయేది.

2001లో లండన్‌లోని రాయల్ బ్రాంప్టన్ ఆసుపత్రి నుంచి లీసా ఆండర్సన్, డడ్లీ పెనెల్ బృందం ఒక ఎమ్మారై పద్ధతిని ప్రకటించింది. ఇనుము ఉన్నచోట అయస్కాంత క్షేత్రం చెదురుతుంది, సిగ్నల్ తొందరగా ఆరిపోతుంది. రోగి ఊపిరి బిగబట్టిన ఆ కాసేపట్లోనే మిల్లీసెకన్ల తేడాతో వరుసగా బొమ్మలు తీస్తారు. మామూలు గుండె గోడ మెల్లగా మసకబారుతుంది. ఇనుము పట్టిన గోడ మొదటి కొన్ని బొమ్మలకే నల్లబడిపోతుంది. ఆ వేగాన్ని చెప్పే అంకె పేరు టీ2 స్టార్. 20 మిల్లీసెకన్ల కంటే తగ్గితే గుండెలో ఇనుము చేరినట్టే.

వాళ్లు 106 మంది తలసేమియా రోగులను పరీక్షించారు. గుండె అంకెకు ఫెర్రిటిన్‌తో గానీ, కాలేయంలోని ఇనుముతో గానీ పొంతనే కుదరలేదు. ఈ కథలో అన్నిటికంటే పెద్ద సంగతి ఇదేనని నా నమ్మకం. అన్నేళ్లూ నమ్ముకున్న కొలతలు గుండె గురించి ఏమీ చెప్పలేదన్నమాట.

ఇక ప్రమాదంలో ఉన్నవారిని గుండె ఇంకా బాగా కొట్టుకుంటున్నప్పుడే గుర్తించి మందు పెంచగలిగారు. డెస్ఫెరాల్‌కు, ఇనుమును తోడేసే డెఫెరిప్రోన్ మాత్రలు జోడించడమూ కలిసొచ్చింది. ఆ మాత్రకు ముందుగా అనుమతిచ్చింది మన దేశమే. బ్రిటన్‌లో తలసేమియా రోగుల గుండె మరణాలు బాగా తగ్గాయి.

అయితే ఎన్ని మిల్లీసెకన్లంటే ఎంత ఇనుము? దానికి జవాబు 2011లో దొరికింది. చనిపోయిన, లేదా గుండె మార్పిడి చేయించుకున్న రోగుల 12 గుండెలను స్కాన్ చేసి, తర్వాత వాటి కండరంలోని ఇనుమును రసాయనికంగా కొలిచారు. రెండు కొలతలూ సరిపోలాయి. ఆ లెక్క ప్రకారమే టీ2 స్టార్ అంకెను గ్రాము గుండె కండరానికి ఇన్ని మిల్లీగ్రాముల ఇనుమని మార్చి చెప్పగలుగుతున్నారు.