ఇనుప పట్టా నుంచి నురుగు టైరు దాకా

నరసాపురంలో కారు సీట్లు కుట్టే కొట్టు మాది. తాత జట్కాలకీ గూడుబళ్లకీ పరుపులు కుట్టాడు, నాన్న అంబాసిడర్లకీ ఫియట్లకీ కుట్టాడు, నేను ఏ బండి వస్తే దానికి కుడుతున్నాను. రెగ్జిన్ రంగు, కుట్టు డిజైను ఎంచుకోవడం పది నిమిషాల్లో అయిపోతుంది. అసలు సంగతి ఆ తర్వాత మొదలవుతుంది. "లోపల రొద ఎక్కువగా ఉంటందండీ మేస్త్రిగారూ, కింద ఏదన్నా పరిచి ఆపెయ్యగలరా?" అంటారు. తాతనీ ఇదే అడిగారు, నాన్ననీ ఇదే అడిగారు. ఆ పరిచే సరుకు మాత్రం తరానికో రకంగా మారుతూ వచ్చింది.

నిజానికి మా సీమకి చక్రాల చప్పుడు ఆలస్యంగా అలవాటైంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొర కాలువలు పొలాలకి నీళ్లిస్తూనే ఊళ్లకి దారులయ్యాయి. ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్లివారు, అన్నీ పడవల మీదే. స్టీమరు రోడ్డు అనే పేరు మా ఊళ్లో ఇప్పటికీ ఉంది. ఇక నేలదారి అంటే కాలవ గట్టే. వానాకాలం బురద, ఎండాకాలం దుమ్ము. మెత్తటి నల్లమట్టి మీద ఇనుప పట్టా వేసిన చక్రం కిర్రుమంటుందే గానీ గడగడలాడదు. డెల్టాలో రాయి పుట్టదు. మెట్ట నుంచి కంకర తెచ్చి రోడ్లు వేశాకే ఆ పట్టాకి గొంతు లేచింది. జట్కా ఎక్కినవాడు దిగేదాకా పక్కవాడితో మాట్లాడలేకపోయేవాడని తాత చెప్పేవాడు. ఆయన వేసిన మందు ఎండుగడ్డి, దానిమీద గోనె, పైన దుప్పటి. కుదుపు కాస్త తగ్గేది. చప్పుడు తగ్గేది కాదు. ఇరుసు నుంచి చెక్కలోకి, చెక్క నుంచి ఎముకల్లోకి పాకే చప్పుడుని గడ్డి ఏం చేస్తుంది?

మందు చక్రం దగ్గరే వెయ్యాలని అప్పటికే కనిపెట్టినవాడు ఒకడున్నాడు. రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లాండు ఇంజినీరు 1845లో గాలి నింపిన చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. బండి తేలిగ్గా లాగొచ్చు, కుదుపు ఉండదు అని రాసుకుని ఊరుకోలేదు, చప్పుడు తగ్గుతుందని కూడా ఆ కాగితంలోనే పెట్టాడు. లండన్ రీజెంట్స్ పార్కులో గుర్రపుబళ్లకి వేసి చూపించాడు. రబ్బరు పట్టించిన గుడ్డ గొట్టం, దానిమీద తోలు తొడుగు. అంటే ప్రపంచంలో మొదటి గాలి టైరు మా బోటి తోలుపనివాళ్ల చేతికి దగ్గరి సరుకే. థామ్సన్ చక్రం ఖరీదెక్కువై మూలపడింది. 1888లో డన్లప్ మళ్లీ కొత్తగా కనిపెట్టాకే గాలి టైరు నిలదొక్కుకుంది. మా పల్లెల్లో టైరుబళ్లు తిరగడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. నాటుబండి వస్తుంటే ముందు చక్రం వినపడేదట, టైరుబండి వస్తుంటే ఎద్దుల మెడలో గంటలు వినపడేవట.

నాన్న కాలానికి అంబాసిడర్ వచ్చింది. 1950ల చివర్లో మొదలై 2014 దాకా తయారైన ఆ కారు నాన్నకి అన్నం పెట్టింది. మందపాటి రేకు, వెనక కమాన్ కట్టలు. ముందు నుంచి ఇంజను మోత, కింద నుంచి గేర్ల మోత, దించిన అద్దాల్లోంచి గాలి హోరు. ఇన్నిటి మధ్య టైరు చప్పుడు ఎవరి చెవిన పడుతుంది? అయినా జనం పరిపించుకునేవారు. నాన్న ముందు జనపనార ఫెల్టు పరిచి, దానిమీద కొబ్బరిపీచు చాప, ఆపైన రబ్బరు మ్యాటు వేసేవాడు. పీచుకి కరువు లేదు, మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి దిగితే అంతా కోనసీమే. సన్నటి రొదని పీచు బాగానే మింగుతుంది. బొయ్యిమనే లావుపాటి మోత దానికి లొంగదు.

పీచుతో అసలు తంటా నీళ్లు. వానాకాలంలో కాళ్ల తడంతా ఫెల్టులోకి దిగేది. అది ఒక పట్టాన ఆరదు. పైగా మాది సముద్రపు గాలి, ఉప్పు పట్టిన తేమ. ఒకసారి ఒక డాక్టరుగారి కారులో మ్యాటు ఎత్తాను. ఫెల్టు కుళ్లి పుట్టగొడుగుల వాసన. దాన్ని లాగితే రేకు తునకలు కూడా అట్టలాగా ఊడి వచ్చాయి. డ్రైవరు కాళ్ల కింద అరచెయ్యంత కన్నం, అందులోంచి కొట్టు ముందున్న కంకర కనిపిస్తోంది. చప్పుడు ఆపడానికి పరిచిన సరుకే తుప్పు తెచ్చి చప్పుడుకి దారి చేసిందన్నమాట. కార్తీకం రాగానే మ్యాట్లు ఎత్తి రెండు రోజులు ఎండబెట్టండని నాన్న అందరికీ చెప్పేవాడు. వినేవాళ్లు తక్కువ.

1983 డిసెంబరు 14న మారుతి 800 వచ్చాక కథ తిరిగింది. ఏడు వందల కిలోలైనా లేని కారు. పల్చటి రేకు, చిన్న ఇంజను. రేకు బరువు రెట్టింపు చేస్తే దాని గుండా వచ్చే చప్పుడు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుందని లెక్క. బరువు తగ్గించి పెట్రోలు మిగుల్చుకుంటే ఆ మేరకు చెవి భరించాల్సిందే. తర్వాత ఏసీ వచ్చి అద్దాలు మూయించింది. ఇంజన్లు మెత్తబడ్డాయి. కత్తిపూడి నుంచి ఒంగోలు వెళ్లే 216 హైవే బాగుపడి బళ్ల వేగం పెరిగింది. వేగం రెట్టింపైతే టైరు చప్పుడు 9 నుంచి 12 డెసిబెల్స్ పెరుగుతుంది. పది పెరిగితే చెవికి రెండింతలుగా వినపడుతుంది. నన్నడిగితే మా ఊళ్లో రోడ్డు చప్పుడు అప్పుడే పుట్టింది. అంతకుముందూ ఉంది గానీ, ఇంజను మోత చాటున ఉంది. ఒక రొద అణిగితే దాని వెనకున్నది బయటికి వస్తుంది. కొత్త కారు కొన్నవాడే ఎక్కువ ఫిర్యాదు చేస్తాడు, అందుకే.

ఇప్పుడు పరిచేది తారు కలిపిన షీటు, లేదా వెండిరంగు రేకు అంటించిన బ్యుటైల్ షీటు. అది చప్పుడుని ఆపుతుందని అందరి నమ్మకం. అది చేసేది రేకు వణుకుని చంపడం, అంతే. వేలి కణుపుతో కొడితే ఠంగుమన్న చోట అంటించాలి, డబ్బుమన్న చోట అక్కర్లేదు. రేకు మధ్యలో పావు వంతు కప్పినా చాలావరకు పని అవుతుంది. ఈ మాట చెప్తే బేరం తగ్గుతుందని తోటి కొట్లవాళ్లకి నామీద కోపం.

మొన్నామధ్య మొగల్తూరు వైపు నుంచి ఒక చెరువుల ఆసామి వచ్చాడు. "ఫ్లోరంతా, డోర్లు, టాపు, మొత్తం వేసెయ్యండి. డబ్బు గురించి ఆలోచించకండి" అన్నాడు.

"ముందు ఓ చుట్టు తిరిగొద్దాం రండి" అన్నాను.

పాలకొల్లు రోడ్డెక్కి ఏసీ, పాటలు ఆపించాను. అరవై మీద న్యూట్రల్ చెయ్యమన్నాను. ఇంజను దిగినా బొయ్యిమనే మోత అలాగే ఉంది, అంటే ఇంజనుది కాదు. రోడ్డు ఖాళీగా ఉన్నచోట స్టీరింగు మెల్లగా అటూ ఇటూ తిప్పించాను. బేరింగు పోతే బరువు ఒకవైపు పడ్డప్పుడు మోత పెరుగుతుంది, రెండోవైపు పడ్డప్పుడు తగ్గుతుంది. ఇక్కడ మారలేదు. గరుకు రోడ్డు నుంచి కొత్త తారు మీదకి రాగానే గొంతు మారింది. గాలి హోరైతే రోడ్డుతో పాటు మారదు. మిగిలింది టైరు. దిగి వెనక టైరు మీద అరచేత్తో ముందుకి రాస్తే నున్నగా ఉంది, వెనక్కి రాస్తే రంపపు పళ్లలా గీరుకుంది.

"ఎలైన్‌మెంటు ఎప్పుడు చూపించారండీ?"

"కొన్నాక చూపించలేదండి."

"గాలెంత?"

"నలభై కొట్టిస్తానండి. మైలేజీ వస్తదని." డోరు పలకమీద అచ్చువేసి ఉన్నది 33.

వెనక మ్యాటు ఎత్తితే, నీళ్లు పోయే కన్నానికి ఉండాల్సిన రబ్బరు బిరడా లేదు. ఎవరో కడిగేటప్పుడు తీసి మళ్లీ పెట్టలేదు. వెనక టైర్ల రొదంతా తిన్నగా అందులోంచే వస్తోంది. డోరుకీ రబ్బరు బీడింగుకీ మధ్య కాగితం పెట్టి మూసి లాగితే ఎడమ వెనక డోరు దగ్గర ఇట్టే జారి వచ్చింది. బిరడా పెట్టాం, డోరు లాకు కాస్త లోపలికి జరిపాం, ఎలైన్‌మెంటుకి పంపాం, గాలి 33 పెట్టించాం. అరిగిన టైర్లు మార్చాక వచ్చి, చక్రాల గూళ్లకి మాత్రం షీటు వేయించుకున్నాడు. ఫ్లోరంతా వెయ్యలేదని కొంచెం అలిగాడు కూడా.

ఈమధ్య కరెంటు కార్లు వస్తున్నాయి. వాటిలో ఇంజను చాటు కూడా లేదు. టైరు లోపలి గాలి గొట్టంలో ఊదినట్టు 200 హెర్ట్జ్ చుట్టుపక్కల మోగుతుంది. ఆ మోతకి ఫ్లోరు మీద ఏం పరిచినా పెద్దగా ఫలితం ఉండదు. అందుకని కొన్ని కంపెనీలు టైరు లోపలే నురుగు పట్టీ అంటించి అమ్ముతున్నాయి. ఇన్నేళ్లకి థామ్సన్ మందు వేసిన చోటికే మళ్లీ వచ్చారు, సంతోషమే. మా పక్క పంక్చరు కొట్టు కుర్రాడికి మాత్రం అలాంటి టైరు వస్తే ఒళ్లు మంట. ప్యాచీ వెయ్యాలంటే ముందు ఆ మేర నురుగు కోసి, జిగురంతా గీకి తియ్యాలి. మామూలు పంక్చరు రేటుకి ఆ పని చెయ్యనంటాడు. కోసిన ముక్క మళ్లీ అంటించడానికి నా కొట్టుకే పంపిస్తున్నాడు, ఆ జిగురు నా దగ్గరుందని.