వాద్యములతో వ్రాసిన లింకను చిత్రము

దేశమునకు యుద్ధము వచ్చినప్పుడు కవులకును గాయకులకును పని పెరుగును. సేనలను పొగడువారును, నాయకులను దేవతలతో పోల్చువారును, శత్రువును నిందించువారును వీధివీధిని బయలుదేరుదురు. యుద్ధము ముగిసిన పిమ్మట ఆ కృతులలో నిలుచునవి మిక్కిలి యరుదు. అట్లు నిలిచిన యొకదానిని గూర్చి మేమిచట ముచ్చటింప దలచితిమి. అది అమెరికా దేశమున 1942వ సంవత్సరమున ఏరన్ కోప్లండు అను సంగీతకర్త రచించిన 'లింకను చిత్రము'. ఇంచుమించు పదునైదు నిమిషములలో ముగియు నీ కృతి దేశభక్తిని ప్రబోధించుటకై పుట్టినది. అయినను, పుట్టి పదునొకండేండ్లు నిండకముందే, ఆ దేశపు రాజధానిలోనే, ఒక గొప్ప యుత్సవమున దీనిని వినిపింపరాదని తొలగించిరి. దేశభక్తి కృతికి స్వదేశముననే యీ గతి యేల పట్టెనో విచారించుట మా యుద్దేశము.

1941వ సంవత్సరము డిసెంబరు 7వ తేదీన జపాను విమానములు పెరల్ హార్బరుపై బాంబులు కురిపించెను. అమెరికా యుద్ధమున దిగెను. అంతట ఆంద్రే కోస్టెలానెట్సు అను వాద్యబృంద నిర్దేశకుడు, రష్యాలో జన్మించి అమెరికాను తన దేశముగా జేసికొన్నవాడు, ముగ్గురు సంగీతకర్తలను బిలిచి, అమెరికా ప్రముఖుల చిత్రములను సంగీతమున రచింపుడని కోరెను. జెరోము కెర్ను హాస్యరచయితయైన మార్కు ట్వేనును గైకొనెను. వర్జిల్ థామ్సను నాటి న్యూయార్కు నగరాధ్యక్షుడు లా గార్డియాను, పత్రికారచయిత్రి డొరతీ థాంప్సనును ఎంచుకొనెను. కోప్లండు మనస్సు మొదట వాల్టు విట్మను కవిపై నుండెను. కాని సాహిత్యమునుండి ట్వేను ముందే వచ్చియుండెను గనుక, రాజ్యతంత్రజ్ఞు నొకనిని దీసికొమ్మని నిర్దేశకుడు కోరెను. అప్పుడు కోప్లండు అబ్రహాము లింకనును వరించెను.

ఈ నిర్ణయమును విని థామ్సను మిత్రుని హెచ్చరించెను. లింకనువంటివాని మహత్త్వమునకు సరితూగు సంగీతమును కల్పించుట యెవరికిని సాధ్యము గాదని యాతని యభిప్రాయము. కోప్లండు దీనిని కాదనలేదు. సంగీతము చేయలేని పనిని దానిపై మోపక, లింకనునే మాటలాడనిచ్చినచో చిక్కు విడునని యాతడు తలచెను. అందువలన లింకను లేఖలను, ఉపన్యాసములను చదివి, అందలి వాక్యములను గొన్నింటిని ఏర్చి, వానిని కలుపు మాటలను మాత్రము తాను వ్రాసెను. ఆ కలుపు మాటలు మిగుల సాధారణములు. లింకను ఎక్కడ పుట్టెను, ఎక్కడ పెరిగెను, ఎంత పొడవరి, ఎట్టి స్వభావము గలవాడు అనునవియే. మహాత్ముడనియు, అవతారపురుషుడనియు పొగడు మాట యొక్కటియు లేదు.

కృతి నిర్మాణమును సంగ్రహముగా జెప్పుదుము. ఇందు మూడు భాగములు గలవు. మొదటిది మెల్లగా, గంభీరముగా సాగి, లింకను చుట్టు నావరించిన విధి ఛాయను సూచించుచు, తుదకు ఆతని సౌమ్యతను దోపింపజేయును. రెండవది వడిగా సాగుచు ఆతని కాలపు జనజీవనమును కన్నులకు గట్టించును. ఇందు స్టీఫెను ఫాస్టరు రచించిన గుఱ్ఱపు పందెముల పాట యొకటి తునకలు తునకలుగా వినవచ్చును. పాముకాటున మడిసిన పడుచువానిని గూర్చిన పాత పల్లెపాట యొకటియు ఈ కృతిలో అల్లబడియున్నది. ఇట్లు దాదాపు సగము కృతి ముగియువఱకు చదువరి వేదికపై మౌనముగా వేచియుండును. మూడవ భాగమున ఆతడు లేచి మాటలాడ నారంభించును. అప్పుడు వాద్యములు వెనుకకు తగ్గి, ఆ మాటలకు చట్టము బిగించినట్లు చుట్టు నిలుచును.

మన హరికథను ఎఱిగినవారికి మాటయు సంగీతమును కలసి నడచుట క్రొత్త గాదు. కాని హరికథలో దాసుగారే పాడుదురు, వారే వచనము చెప్పుదురు, వారే యభినయింతురు. కథయంతయు వారి కంఠముననే నడచును. ఇచ్చట మాటలాడువాడు పాడడు. అభినయమునకును చోటు లేదు. భావోద్రేకమును అతిగా జూపక, సరళముగా, చిత్తశుద్ధితో చదువవలెనని కోప్లండు చదువరులకు ప్రత్యేకముగా సూచన వ్రాసెను. పేరుపొందిన నటులు కొందఱు ఈ నియమమును మఱచి గర్జించినప్పుడు కృతి వట్టి యాడంబరముగా దోచును. దీనిని మెచ్చనివారు చెప్పు దోషము ముఖ్యముగా నిదియే. అందు కొంత సత్యము లేకపోలేదు.

ఇక ఆ మాటలెవ్వి? లింకను 1862వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన, అనగా దాస్యవిమోచన ప్రకటన అమలులోనికి వచ్చుటకు సరిగా నెల దినములకు ముందు, శాసనసభకు పంపిన సందేశమునుండి గైకొన్నవి మొదట వచ్చును. చరిత్రమునుండి తప్పించుకొనుట యెవరికిని సాధ్యము గాదనియు, క్రొత్త కష్టమునకు క్రొత్త యాలోచన కావలెననియు వాని సారాంశము. పిమ్మట 1858వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన డగ్లసుతో జరిగిన వాదమునుండి యొక భాగము: ఒకడు కష్టించి సంపాదించిన యన్నమును మఱియొకడు తినుట రాజు చేసినను, ఒక జాతి చేసినను నిరంకుశత్వమే యని దాని భావము. తరువాత, దాసుడగుట తనకెట్లు సమ్మతము గాదో దాసులకు యజమాని యగుటయు నట్లే సమ్మతము గాదని చెప్పు చిన్న వ్రాత. తుదకు 1863వ సంవత్సరము నవంబరు 19వ తేదీన గెటిస్బర్గు యుద్ధభూమిలో, మృతవీరుల శ్మశానమున చేసిన యుపన్యాసపు చివరి వాక్యములు. ప్రజలదైన ప్రభుత్వము లోకమున నశింపరాదను సంకల్పముతో కృతి ముగియును.

1942వ సంవత్సరము మే 14వ తేదీన సిన్సినాటి వాద్యబృందము దీనిని మొదట వినిపించెను. చదివినవాడు విలియం ఆడమ్సు అను నటుడు. నాటి శ్రోతలు ఇంటికి మరలి ఏమి తలపోసిరో మన మెఱుగము గాని, ఆ మాటలు శత్రుదేశమునకు మాత్రమే తగులునవి గావు. ఆ యేడే ఫిబ్రవరి 19వ తేదీన అధ్యక్షుడు రూజ్వెల్టు సంతకము చేసిన యుత్తర్వువలన, జపాను సంతతికి జెందిన వారు లక్షకు మించి తమ యిండ్లను విడిచి నిర్బంధ శిబిరములకు బోవలసి వచ్చెను. వారిలో పెక్కుమంది అమెరికా పౌరులే. నల్లజాతి సైనికులు స్వాతంత్ర్యమునకై పోరుచు, వేఱు పటాలములలో వేఱుగా నుంచబడిరి. ఆ భేదమును తొలగింప అధ్యక్షుడు ట్రూమను ఆజ్ఞ వెలువడినది 1948వ సంవత్సరము జూలై 26వ తేదీన. లింకనును పొగడు కృతియే యైనచో ఈ దోషములన్నియు ఆ పొగడ్త చాటున దాగియుండెడివి. లింకను మాటలాడుటచే నవి దాగుటకు వీలులేకపోయెను.

1953వ సంవత్సరము జనవరిలో ఐసెన్‌హవరు అధ్యక్షపదవి నధిష్ఠింపబోవుచుండగా, ఆ యుత్సవమున జరుగవలసిన కచ్చేరీలో ఈ కృతి చేర్చబడెను. అప్పుడు బస్బీ యను శాసనసభ్యుడు కోప్లండు వామపక్ష సంఘములతో సంబంధము గలవాడని యాక్షేపించెను. నిర్వాహకులు జంకి కృతిని తొలగించిరి. ఆక్షేపించిన సభ్యుడు లింకను నివసించిన ఇల్లినాయిసు రాష్ట్రపు ప్రతినిధియే. ఆ సంవత్సరమే మే నెల 26వ తేదీన కోప్లండు, సెనేటరు మెకార్తీ యొక్క విచారణసంఘము నెదుట నిలిచి ప్రశ్నలకు బదులు చెప్పవలసి వచ్చెను. ఆతనిపై నేరము మోపబడలేదు. అయినను తన దేశమునకై లింకను వాక్యములను సంగీతమున గూర్చినవాడు, తన దేశభక్తిని అధికారుల యెదుట ఋజువు చేసికొనవలసి వచ్చుట శోచనీయము.

నాలుగేండ్లకు, 1957వ సంవత్సరమున, ఈ కృతి వెనెజువేలా దేశపు రాజధానియైన కరాకసు చేరెను. అప్పుడా దేశము పెరేసు హిమేనేసు అను నియంత పాలనలో నుండెను. కోప్లండు స్వయముగా వాద్యబృందమును నడపెను. హ్వానా సూహో అను నటి ఆ వాక్యములను స్పానిషు భాషలో చదివెను. ప్రజల ప్రభుత్వమును గూర్చిన తుదిమాటలు వెలువడగానే జనులు లేచి కేకలు వేసిరి. ఆ కోలాహలములో కడపటి స్వరములు వినబడకుండ బోయెను. 1958వ సంవత్సరము జనవరి 23వ తేదీన ఆ నియంత దేశము విడిచి పాఱిపోయెను. ఒక వాద్యకృతి వలన ప్రభుత్వము కూలెనని మేము చెప్పబోము. దానికి వేఱు కారణములు పెక్కులు గలవు. కాని పరదేశపు యుద్ధమునకై వ్రాయబడిన మాటలను ఆ జనులు తమ మాటలుగా వినిరనుట నిశ్చయము.

అమెరికా తన తప్పును మెల్లమెల్లగా దిద్దుకొనెను. 1964వ సంవత్సరమున అధ్యక్షుడు జాన్సను కోప్లండునకు దేశపు గొప్ప పౌరపురస్కారము నిచ్చెను. 1939వ సంవత్సరమున వర్ణభేదమువలన ఒక సభామందిరమున పాడుటకు అనుమతి దొరకక, లింకను స్మారకమందిరపు మెట్లపై వేలజనుల యెదుట పాడిన మేరియను ఆండర్సను అను గాయని, తరువాతి కాలమున ఈ కృతికి చదువరియై నిలిచెను. ఆమె కంఠమున దాసుని గూర్చియు యజమానిని గూర్చియు లింకను చెప్పిన మాట యెట్లు వినబడియుండునో చదువరులే యూహింపవచ్చును. 1990వ సంవత్సరమున కోప్లండు మరణించెను. 2009వ సంవత్సరము జనవరి 18వ తేదీన, నల్లజాతివాడైన మొదటి అధ్యక్షుడు పదవి స్వీకరించుటకు రెండు దినములకు ముందు, ఆ స్మారకమందిరపు మెట్లపైననే జరిగిన యుత్సవమున నటుడు టాం హాంక్సు దీనిని చదివెను. 1953లో ఒక ప్రారంభోత్సవమునుండి త్రోసివేయబడిన కృతి, ఏబదియాఱేండ్లకు మఱియొక ప్రారంభోత్సవమున వినబడెను.

మేము ఉపాధ్యాయులము గనుక పాఠశాలలలో ఉత్సవదినములు జరుగు తీరును ఏటేట చూచుచున్నాము. దేశనాయకుల పటములకు పూలదండలు వేయుదుము. వారి పేర చప్పట్లు కొట్టింతుము. వారు వ్రాసినది, పలికినది పిల్లలచే చదివించుట మాత్రము మఱతుము. దండ వేయబడిన పటము మనల నేమియు నడుగదు. పలికిన వాక్యమైనచో, నీవు దీని ప్రకారము నడచుచున్నావా యని యడుగును. ఆ ప్రశ్న మొదట పిల్లల ముందర నిలుచున్న మాకే తగులును. రాబోవు ఉత్సవమున దండతో పాటు ఒక వాక్యమునైన పిల్లలచేత మెల్లగా, స్పష్టముగా చదివింపవలెనని మేము నిశ్చయించుకొంటిమి. కోప్లండు తన చదువరులకు చేసిన సూచనయే మా పిల్లలకును చెప్పుదుము: గర్జింపకుడు, వినబడునట్లు చదువుడు.