ఐఓ కార్డులు (పారిశ్రామిక నియంత్రణ)

పీఎల్‌సీ, డీసీఎస్ వంటి నియంత్రణ వ్యవస్థల్లో ప్రాసెసర్‌కూ ఫీల్డ్‌కూ మధ్య ఉండే భాగం. స్విచ్, ట్రాన్స్‌మిటర్ పంపిన విద్యుత్ సంకేతాన్ని అంకెగా మార్చి ప్రాసెసర్‌కు ఇస్తుంది. ప్రాసెసర్ ఆదేశాన్ని వాల్వు, కాంటాక్టర్ కదిలేంత వోల్టేజీగానో కరెంటుగానో మార్చి బయటికి పంపుతుంది. సొంత మైక్రోప్రాసెసర్‌తో స్కేలింగ్, లోపాల గుర్తింపు చేసుకునే కార్డును కొందరు డీసీఎస్ తయారీదారులు ఐఓ ప్రాసెసర్ అంటారు. రెంటి మధ్య గీతను అందరూ ఒకేచోట గీయరు.

ఈ కార్డుల చరిత్ర పీఎల్‌సీ చరిత్రలో భాగమే. రిలే ప్యానెళ్లకు బదులు ఎలక్ట్రానిక్ కంట్రోలర్ కావాలని 1968లో జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్ విభాగం కోరగా డెక్ సంస్థ పీడీపీ-14, ఇన్ఫర్మేషన్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి పీడీక్యూ-2, బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్ వారి 084 పోటీపడ్డాయి. 084 అంటే ఆ సంస్థ చేపట్టిన 84వ ప్రాజెక్టు. దాని రూపకర్త డిక్ మోర్లీ ఆలోచనను 1968 జనవరి 1న కాగితం మీద పెట్టాడంటారు. అయితే పీఎల్‌సీ పితామహుడనే పేరు అలెన్-బ్రాడ్లీకి చెందిన ఓడో స్ట్రూగర్‌కూ ఉంది. హైడ్రామాటిక్‌లో ముందు నడిచింది పీడీపీ-14 అనే కథనమూ ఉంది. 084 నిలదొక్కుకోవడానికి ల్యాడర్ లాజిక్ అనే ప్రోగ్రామింగ్ పద్ధతే కారణమని చాలామంది రాశారు. ఫ్యాన్ లేకుండా, బయటి గాలి చొరబడకుండా మూసిన దాని పెట్టెకూ అంతే పాలు ఇవ్వడం న్యాయం. నూనె ఆవిరి, లోహపు పొడి నిండిన షాపులో ప్రోగ్రామ్ కంటే ముందు బతకాల్సింది హార్డ్‌వేరే.

డిజిటల్ ఇన్‌పుట్‌లో ఇప్పుడు ఎక్కువగా వాడేది 24 వోల్టుల డీసీ. ఐఈసీ 61131-2 ప్రకారం టైప్ 1 ఇన్‌పుట్‌కు 15 వోల్టులు, ఆ పైన ఉంటే 1; 5 వోల్టులు, ఆ లోపు ఉంటే 0. నడుమ ఉన్నదానికి హామీ లేదు. ఫీల్డ్ వైపు సర్జ్ లోపలికి దూకకుండా సాధారణంగా ఆప్టోకప్లర్ అడ్డుపడుతుంది. కాంటాక్టు అదురును మింగడానికి కొన్ని మిల్లీసెకన్ల ఫిల్టర్ ఉంటుంది, కానీ అంతకంటే చిన్న పల్సునూ అది మింగేస్తుంది. పైగా ప్రాసెసర్ ఇన్‌పుట్‌లను స్కాన్‌కు ఒకసారే చదువుతుంది. అందుకే టర్బైన్ ట్రిప్ అయినప్పుడు ఏ సిగ్నల్ ముందు వచ్చిందో తేల్చడానికి ఒక మిల్లీసెకను తేడాతో సమయం నమోదుచేసే ఎస్ఓఈ (సీక్వెన్స్ ఆఫ్ ఈవెంట్స్) కార్డులు వేరుగా పెడతారు.

అనలాగ్‌లో 4–20 మిల్లీయాంపులదే రాజ్యం. 3–15 పీఎస్‌ఐ గాలి సంకేతాల నిష్పత్తినే ఇందులోకి తెచ్చారన్నది నమ్మదగ్గ వివరణ. కొలత సున్నా అయినా కరెంటు 4 ఉంటుంది కనుక, కరెంటే లేకపోతే వైరు తెగినట్టు. నామూర్ సంస్థ సిఫార్సు ఎన్ఈ 43 ఇంకా కచ్చితంగా చెబుతుంది: 3.8 నుంచి 20.5 దాకా కొలత, 3.6కు దిగినా, 21కి చేరినా లోపం. సిమెన్స్ ఎస్7 కార్డులో ఈ కరెంటు 0–27648 అంకెగా కనిపిస్తుంది. కార్డు కొలతను 20 మిల్లీసెకన్లపాటు కూడితే విద్యుత్ సరఫరా నుంచి వచ్చే 50 హెర్ట్జ్ హమ్ తనంతట తాను రద్దవుతుంది. మన దేశంలో ఫిల్టర్‌ను 60 హెర్ట్జ్‌లో వదిలేస్తే రీడింగ్ ఊగిసలాడవచ్చు.

ప్రాసెసర్‌తో సంబంధం తెగితే అవుట్‌పుట్ ఏం చేయాలన్నది కమిషనింగ్‌లో తీరిగ్గా ఆలోచించాల్సిన విషయం. పాత విలువ పట్టుకోవాలా, సున్నాకు పోవాలా అన్నది ప్రాసెస్‌ను బట్టి ఉంటుంది: ఇంధనం వాల్వు మూసుకోవాలి, కూలింగ్ వాటర్ వాల్వు సాధారణంగా తెరుచుకోవాలి. ట్రిప్ సర్క్యూట్లలో అవుట్‌పుట్ ఎప్పుడూ ఆన్‌లో ఉండి ఆపేటప్పుడు ఆఫ్ అవుతుంది. వైరు తెగినా ఫ్యూజు పోయినా ప్లాంటు ఆగేవైపే వెళ్తుంది. మంటలార్పే వాయువును వదిలే సొలినాయిడ్ సాధారణంగా దీనికి వ్యతిరేకం. అది కరెంటు వస్తేనే పనిచేస్తుంది కనుక, ఆ చానల్‌లో వైరు బాగుందో లేదో కార్డు నిత్యం పరీక్షించే ఏర్పాటు ఉండాలి.