లా-ములానా

లా-ములానా జపాన్‌లో తయారైన యాక్షన్-అడ్వెంచర్ వీడియో గేమ్. తకుమి నరమురా నాయకత్వంలోని జీఆర్3 ప్రాజెక్ట్ అనే చిన్న బృందం దీన్ని 2005లో విండోస్ కంప్యూటర్లకు ఉచితంగా విడుదల చేసింది. ఆ బృందమే తర్వాత నిగోరో అయింది. 1980ల నాటి ఎమ్‌ఎస్‌ఎక్స్ కంప్యూటర్ మీద మమకారంతో చేసిన ఆట కనుక బొమ్మలూ శబ్దాలూ ఆ యంత్రాన్నే తలపిస్తాయి. 1987లో కొనామి తెచ్చిన ‘మేజ్ ఆఫ్ గాలియస్’ దీనికి ప్రధాన ప్రేరణ.

కథానాయకుడు లెమెజా కొసుగి పురావస్తు పరిశోధకుడు. చేతిలో కొరడా, వెంట ఒక లాప్‌టాప్. అతను అన్వేషించే శిథిలాల్లో ఎనిమిది కాపలా భూతాలను ఓడించాలి. అవి ఎంత భీకరమైనా అసలు పరీక్ష చిక్కుముళ్లదే. శిలాఫలకం మీద సూచన ఒకచోట ఉంటే, దాని అర్థం తేల్చే బొమ్మ ఇంకెక్కడో ఉంటుంది. తెరుచుకునే తలుపు మరో ఆవరణలో. ఆట ఏదీ గుర్తుచేయదు, కాగితం మీద రాసుకోవలసిందే. కొట్టకూడని చోట కొరడా ఝళిపిస్తే మెరుపు దెబ్బ తప్పదు. మళ్లీ చదవవద్దని హెచ్చరించే ఫలకం ఒకటుంది. కుతూహలం కొద్దీ రెండోసారి చదివితే ఆట మొత్తం మరింత కఠినమవుతుంది. ఈ కొంటెతనం ముచ్చటగొలుపుతుంది. అయితే కొన్ని సూచనలు మరీ గూఢం. వాటిని మాత్రం లోపాలుగానే లెక్కించాలి.

కొత్త బొమ్మలతో పునర్నిర్మించిన ఆట 2011లో జపాన్‌లో నింటెండో వారి డౌన్‌లోడ్ సేవ వీవేర్ ద్వారా, 2012లో కంప్యూటర్లకు వచ్చింది. అభిమానుల చందాలతో తయారైన రెండో భాగం 2018లో విడుదలైంది.