ఎడ్ల లెక్క ఉంది, సూది లెక్క లేదు

దవాళి సెలవులు అయిపోయాక మా హాస్టల్‌లో పదో తరగతి చదివే అమ్మాయి నా గదికి వచ్చింది. "మేడం, నేనూ మా అక్కా కలిసి అద్దాల కుట్టుతో బ్యాగులు చేసి, ఫోన్‌లో ఫొటోలు పెట్టి అమ్మాలనుకుంటున్నాం. ముందు ఏం కొనాలి?" అని అడిగింది. సూదులు, దారాలు, అద్దాలు అంటానని అనుకున్నట్టుంది. "ముందు ఒక నోటుబుక్కు కొనండి" అన్నాను. ఆమె నవ్వింది. ఆ మాట ఎందుకన్నానో చెప్పాలంటే మన చరిత్ర కొంత, నా సొంత కథ కొంత చెప్పాలి.

తోబుట్టువులు కలిసి వ్యాపారం చేయడం మనకు కొత్త కాదు. జంగి, భంగి నాయక్‌ల పేర్లు మీరు పెద్దల నోట వినే ఉంటారు. వాళ్లు రాథోడ్ వంశపు అన్నదమ్ములని మనవాళ్లు చెప్పుకుంటారు. 1630 ప్రాంతంలో షాజహాన్ మంత్రి ఆసఫ్ ఖాన్ బీజాపూర్ మీదికి దండు కదిలించినప్పుడు, ఆ సైన్యానికి ధాన్యం చేరవేసింది వీళ్ల ఎడ్లే. ఆ ఎడ్లు 1,80,000 అని 19వ శతాబ్దంలో మన గురించి రాసిన ఇంగ్లీషు అధికారులు పుస్తకాలకెక్కించారు. దారిలో ఎడ్లకు నీళ్లు, మేత ఎవరూ అడ్డుకోకుండా బంగారు అక్షరాల రాగి శాసనం కూడా ఇచ్చారని ప్రతీతి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. నాయకుల పేర్లు మిగిలాయి. ఎడ్ల లెక్క మిగిలింది. ఆ ఎడ్ల వీపుల మీద వేసే సంచులు, బొంతలు, కొమ్ములకు కట్టే అలంకారాలు కుట్టిన ఆడవాళ్ల పేరు మాత్రం ఒక్కటీ మిగలలేదు. వాళ్లు లేకపోతే ధాన్యం కదిలేది కాదు. అయినా వాళ్ల పని ఏ లెక్కలోకీ ఎక్కలేదు.

తర్వాత కాలం మారింది. తెల్లదొరలు రోడ్లు వేశారు, రైళ్లు తెచ్చారు. ఉప్పు, ధాన్యం మోసే ఎడ్ల బిడారులకు పని లేకుండా పోయింది. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. అనేక ప్రాంతాల్లో బంజారాలను ఆ జాబితాలో చేర్చి, కదిలితే నిఘా పెట్టారు. ఆ చట్టం 1952లో గాని పూర్తిగా పోలేదు. తెలంగాణ ప్రాంతంలో లంబాడాలకు షెడ్యూల్డ్ తెగల గుర్తింపు 1976 చట్టంతో వచ్చింది. ఈ మధ్యకాలంలో మనవాళ్లు తండాల్లో స్థిరపడి సేద్యానికి, కూలికి మళ్లారు.

ఎడ్ల వ్యాపారం పోయినా సూది మాత్రం పోలేదు. ఫేటియా, కాంచళి, తలమీది టుక్రి, పెళ్లికి కావలసిన సంచులు, అన్నీ ఇంట్లోనే కుట్టుకునేవారు. మా యాడి, ఆమె చెల్లెళ్లు ఒకే చాప మీద కూర్చుని ఒకే గుడ్డకు రెండు వైపుల నుంచి కుట్టడం నేను చూశాను. ఏ వైపు ఎవరిది అని అడిగితే నవ్వేవారు. అది అమ్మడానికి కాదు కాబట్టి అడగాల్సిన పని కూడా లేకపోయింది.

అమ్మకం మొదలైనప్పుడే చిక్కు వచ్చింది. మన ఆడపిల్లలు చీరలకు, డ్రెస్సులకు మారాక, పెట్టెల్లో పడివున్న పాత ఫేటియాల కోసం బేరగాళ్లు తండాలకు వచ్చారు. తక్కువ ధరకు కొని, ముక్కలుగా కత్తిరించి, బ్యాగులు, దిండు గలీబులు చేసి నగరాల్లో అమ్మారు. వాటిమీద 'బంజారా' అన్న మాట ఉంటుంది. కుట్టిన మనిషి పేరు ఉండదు.

దీనికి ఒక జవాబు కర్ణాటకలోని సండూరులో దొరుకుతుంది. అక్కడ సండూర్ కుశల కళా కేంద్రం ద్వారా లంబాణీ మహిళలు కలిసి కుట్టి అమ్ముతున్నారు. కిలన్, వేలే, మాకీ, రేలో వంటి కుట్లకు పేర్లు పెట్టి పిల్లలకు నేర్పుతున్నారు. సండూర్ లంబాణీ ఎంబ్రాయిడరీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 2023 జూలైలో హంపిలో జరిగిన జీ-20 సాంస్కృతిక సమావేశం సందర్భంగా 450 మందికి పైగా మహిళలు చేసిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆ గుర్తింపు సండూరు ప్రాంతానిది. మనం ఇక్కడ కుట్టినదాన్ని ఆ పేరుతో అమ్మకూడదు. మన కుట్టుకు మన పేరు మనమే తెచ్చుకోవాలి.

ఇక నా కథ. నేను టీచర్ ట్రైనింగ్ చదివే రోజుల్లో మా చెల్లీ నేనూ కలిసి తోరణాలు, చేతిసంచులు కుట్టి అమ్మేవాళ్లం. నా స్కాలర్‌షిప్పు డబ్బులో మూడు వేలు పెట్టి గుడ్డ, అద్దాలు, గవ్వలు తెచ్చాను. కుట్టు ఎక్కువగా చెల్లిది. ప్రదర్శనలకు మోసుకెళ్లి అమ్మడం నాది. రెండేళ్లు బాగానే సాగింది. నాకు ఉద్యోగం వచ్చాక డబ్బాలో ఇరవై రెండు వేలు మిగిలి ఉంటే, సగం నాదన్నాను. "రాత్రిళ్లు కళ్లు పోగొట్టుకుని కుట్టింది నేను బాయీ, నువ్వు అమ్మావు అంతే" అంది చెల్లి. "పెట్టుబడి ఎవరిది?" అన్నాను నేను. ఇద్దరిలో ఎవరమూ అబద్ధం చెప్పలేదు. ఒక్క కాగితం రాసుకోలేదు. రెండేళ్లు మాటల్లేవు. చివరికి తీజ్ పండుగకు యాడి ఇద్దరినీ ఒకే పళ్లెంలో తినమని కూర్చోబెట్టింది.

ఎన్నో ఏళ్లకు చట్టం చదివితే తెలిసింది. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం, విడిగా ఒప్పందం లేకపోతే లాభం సమానం, నష్టం కూడా సమానం. పని చేసినందుకు విడిగా జీతం అడిగే హక్కు లేదు. అంటే ఆ రోజు చట్టం నా వైపే ఉంది. న్యాయం మాత్రం చెల్లి వైపు ఉంది. ముందే రాసుకుని ఉంటే ఆమె కుట్టుకు కూలి కట్టి, మిగిలింది పంచుకునేవాళ్లం.

అందుకే ఆ అమ్మాయికి నోటుబుక్కు అన్నాను. మీరూ అక్కతోనో తమ్ముడితోనో ఏదైనా మొదలుపెడితే మొదటి పేజీలో ఇవి రాయండి: ఎవరు ఎంత డబ్బు పెట్టారు, ఎవరు ఏ పని చేస్తారు, ఆ పనికి కూలి ఎంత, మిగిలింది ఎలా పంచుకోవాలి, ఒకరు మానేస్తే లెక్క ఎలా తేల్చాలి. ఇద్దరూ సంతకం చేయండి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు చట్టప్రకారం భాగస్వాములు కాలేరు, కాబట్టి వ్యాపారం అక్క పేరుమీద ఉండనివ్వండి. మీకు లాభంలో వాటా మాత్రం రాయించుకోవచ్చు. వ్యాపారం పెరిగాక సంస్థను రిజిస్టర్ చేయించండి. రిజిస్టర్ కాని సంస్థ, సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టినవాడి మీద ఒప్పందం పేరుతో దావా వేయలేదు.

చివరగా ఒక మాట. ప్రతి వస్తువుకూ చిన్న చీటీ కట్టి, దానిమీద కుట్టినవాళ్ల పేరు, తండా పేరు రాయండి. ప్రభుత్వ ఉద్యోగిని కాబట్టి నేనిప్పుడు ఏ వ్యాపారంలోనూ లేను. మా చెల్లి ఇంకా కుడుతోంది. ఆమె సంచులకు కట్టే చీటీలు సెలవు రోజుల్లో నా చేతిరాతతోనే రాస్తాను. వాటిమీద ఉండేది ఆమె పేరు.