ఎడమకాలి పోటీ

చీలమండకి గుడ్డపట్టీ గట్టిగా బిగించు. ఇంకొంచెం. నీ కాలికి అడ్డు ఉన్నది అదొక్కటే, బూట్లు కొనే స్తోమత లేదు. సికింద్రాబాద్ నుంచి అద్దె సైకిలు తొక్కుకుంటూ ట్యాంక్‌బండ్ దాటి వచ్చావు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. నాలుగు దాటినా పాదాల కింద మట్టి ఇంకా చురుక్కుమంటోంది.

1949 ఎండాకాలం. హైదరాబాద్ సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలిసి ఏడాది కూడా నిండలేదు. బజారులో గొంతు తగ్గించి చెప్పుకునే సంగతులు చాలా ఉన్నాయి. ఈ మైదానంలో మాత్రం ఉర్దూ, తెలుగు, తమిళం ఒకదాన్ని మించి ఒకటి అరుస్తున్నాయి.

గీత పక్కన నిలబడ్డ ఆయన్ని చూడు. సయ్యద్ అబ్దుల్ రహీం. ఊరంతటికీ రహీం సాబ్. కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్లలో పాఠాలు చెప్పిన మాస్టారు. ఇదే నగరపు లీగ్‌లో కమర్ క్లబ్ తరఫున ఆడినవాడు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి. ఇక్కడ ఎవరికీ ఆడినందుకు జీతం లేదు. ఆటగాళ్లలో కూలీలున్నారు, గుమాస్తాలున్నారు, చదువు మానేసిన కుర్రాళ్లున్నారు. పని దిగి వస్తారు, ఆడతారు, చీకటిపడితే ఇంటికి పోతారు.

ఈ పోటీకి నియమం ఒకటే. నీకు బలమైన కాలు ఏదో, దాంతో బంతిని తన్నకూడదు.

నీది కుడికాలు. ఇన్నాళ్లూ అదే నీ ధైర్యం.

విజిల్. మొదటి బంతి నీవైపే దొర్లుకుంటూ వస్తోంది. తోలుబంతి, పైన తాడు ముడి. ఎడమకాలు చాపావు. తగిలింది, కానీ బొటనవేలి కొసకి. బంతి గీత దాటిపోయింది. గట్టుమీది నుంచి నవ్వులు. రహీం సాబ్ నవ్వలేదు. ఆయన నీ ముఖం కూడా చూడటం లేదు, నీ తుంటి చూస్తున్నాడు. రెండోసారి బంతి వచ్చినప్పుడు నీకే అర్థమవుతుంది ఎందుకో. తప్పు పాదంలో లేదు. ఎడమకాలితో తన్నాలంటే ఒంటి బరువంతా కుడికాలి మీద నిలవాలి. దానికి తన్నడం వచ్చు, నిలబడటం ఎప్పుడూ నేర్పలేదు.

ఇదంతా ఎందుకని నీకు కోపం వస్తోంది కదూ? లీగ్ మ్యాచ్‌లో నిన్ను కాసే బ్యాక్‌ని ఒక్కసారి తలచుకో. నువ్వు కుడికే తిరుగుతావని వాడికి తెలుసు. అందుకే ముందే అక్కడ కాపు కాస్తాడు. రెండు కాళ్లూ వచ్చినవాణ్ణి ఎటు కాయాలో వాడికి తోచదు. రహీం సాబ్ డ్రిబ్లింగ్ నిషేధించి కూడా పోటీలు పెట్టాడు. ఒక్కడే బంతిని కాళ్ల మధ్య పెట్టుకుని నలుగురిని దాటితే జనం చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు ఆయనకి అక్కర్లేదు. బంతి రావాలి, వెంటనే పోవాలి. ఉపన్యాసాలతో కుర్రాళ్లు మారరని ఆ మాస్టారికి తెలుసు, అందుకే పాఠాన్ని పోటీ నియమంగా మార్చాడు. మన ఆటల చరిత్రలో ఇంతకన్నా తెలివైన ఆలోచన నాకు కనబడలేదు.

ఇప్పుడు స్కోరు చెరొకటి. వెలుగు తగ్గుతోంది. గొంతు ఎండిపోయింది. మడమ చర్మం లేచి, పట్టీ మీద ఎర్రటి మరక.

నీ సెంటర్ హాఫ్ బంతి గుంజుకున్నాడు. నిన్ను చూశాడు.

పరుగెత్తు.

బంతి నీ కుడివైపు పడింది. సరిగ్గా కుడికాలి ముందు. ఎదుట బ్యాక్. వాడి వెనక గోలీ, నాలుగడుగులు ముందుకొచ్చేశాడు. కుడికాలితో అయితే కళ్లు మూసుకుని కొట్టేస్తావు.

కుదరదు.

ఒక అడుగు. బంతి పక్కకి జరగనీ. బ్యాక్ వస్తున్నాడు. వాడి ఊపిరి వినబడుతోంది. కుడికాలు నేలలో పాతు. మోకాలు వంచు. నిలబడు.

కొట్టు.

దెబ్బ మోకాలి దాకా జివ్వుమంది. బంతి ఎత్తుకి లేవలేదు. నేలబారుగా, వంకరగా, గోలీ చేతికింద నుంచి లోపలికి పోయింది.

ఆట ముగిశాక ఇరానీ చాయ్ కొట్టు దగ్గర సిటీ పోలీస్ జట్టు మనిషి నీ పక్కన నిలబడతాడు. "పోలీసులో చేరతావా?" అంటాడు. కానిస్టేబుల్ ఉద్యోగం. తెల్లవారుజామున డ్రిల్లు, సాయంత్రం ఆట, నెలాఖరుకి జీతం. బెంగళూరులో 1943లో రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించింది వీళ్లే. ఇంట్లో అమ్మ, తమ్ముళ్లు గుర్తొస్తారు. సరేనంటావు.

అక్కడినుంచి ఊపిరి తిరగదు. 1950లో రహీం సాబే పోలీస్ జట్టు కోచ్. ఆ ఏడాది ఢిల్లీలో డ్యూరాండ్ కప్ ఫైనల్, ఎదుట మోహన్ బగాన్. మొదటిరోజు తేలలేదు. మళ్లీ ఆడించారు. ఒక్క గోల్ తేడాతో కప్పు మీదే. బొంబాయిలో రోవర్స్ కప్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు మీదే. నీతో ఇక్కడ ఆడిన అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్, అమ్ముగూడ కుర్రాడు బలరాం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్తారు. కోచ్ అదే రహీం సాబ్. ఆస్ట్రేలియా మీద 4-2తో గెలిచి సెమీఫైనల్ చేరి, చివరికి నాలుగో స్థానంలో నిలుస్తారు. ఆ ఏటి సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌ది. మరుసటి ఏడాదిదీ.

గెలిచేవాళ్ల ఊరికి కొనేవాళ్లు వస్తారు. 1957లో బలరాం కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లాడు. ఇప్పుడు నీకోసం కలకత్తా నుంచి ఒకాయన వచ్చి నాంపల్లి స్టేషన్ పక్క హోటల్లో దిగాడు. కండువా, పంచె, చేతిలో తోలుసంచి. అక్కడ వేలమంది చూస్తారంటాడు, పేపర్లో ఫోటో అంటాడు. నిజమే చెబుతున్నాడు. వెళ్లినవాళ్లని తప్పుపట్టే హక్కు నీకు లేదు, ఎవరికీ లేదు. కానీ వెళ్లిన ప్రతి ఆటగాడితోపాటు ఇక్కడ ఎదుట నిలబడి నేర్పేవాడు ఒకడు తగ్గుతున్నాడు. చిన్న క్లబ్బు కుర్రాళ్లు రేపు ఎవరిని కాసి నేర్చుకోవాలి?

ఆయన రైలు టిక్కెట్టు బల్లమీద పెట్టాడు. రాత్రి బండికే.

గోడమీది గడియారం మూడున్నర. నాలుగున్నరకి లీగ్ మ్యాచ్. ఎదుటిది ఈ ఏడే పై డివిజన్‌కి ఎక్కిన జట్టు. అందులో పదిహేడేళ్ల బ్యాక్ ఒకడు పోయిన వారమే నిన్ను రెండుసార్లు ఆపాడు.

"మ్యాచ్ అయ్యాక మాట్లాడదాం సార్" అని లేస్తావు. టిక్కెట్టు బల్లమీదే వదిలేసి, సైకిలు తాళం తీస్తావు.